ఒక్క జీతం, పాత ఇల్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో సంపాదించేది మా ఆయన ఒక్కరే. ఇంటి వయసు మా ఇద్దరి వయసు కంటే ఎక్కువ. 11 ఏళ్లుగా ఆ ఒక్క జీతంతోనే ఈ ఇంటిని నిలబెట్టుకుంటూ వస్తున్నాం. కొన్ని పనులు బాగా చేశాం, కొన్ని చోట్ల చేతులు కాల్చుకున్నాం. ఇదే పరిస్థితిలో ఉన్న స్నేహితులు, చుట్టాలు నన్ను పదేపదే అడిగే ప్రశ్నల్ని ఒకచోట రాసి పెడుతున్నాను.

చెయ్యాల్సిన పనులు వంద, చేతిలో డబ్బు కొంచెం. దేంతో మొదలుపెట్టాలి?

ముందు ప్రాణం మీదికి వచ్చేవి, తర్వాత నీళ్లు, ఆ తర్వాత నెలనెలా డబ్బు తినేవి, అన్నిటికంటే చివర కంటికి కనబడేవి. ఈ వరస మార్చకండి. చాలామంది తిరగేసి మొదలుపెడతారు. ఎవరో వస్తున్నారని హాలుకు రంగులు వేయిస్తారు, ఆ రంగు వెనకాల గోడ చెమ్మ తాగుతూనే ఉంటుంది, ఏడాది తిరక్కుండా పొక్కులు లేచి రాలిపోతుంది, పెట్టిన డబ్బంతా నేల మీద పొడి అయి ఊడ్చి పారేసుకోవడమే.

ప్రాణం మీదికి వచ్చేవంటే ముట్టుకుంటే జివ్వుమనే స్విచ్చి, కాలిన వాసన వచ్చే ప్లగ్గు, గ్యాస్ వాసన, పెచ్చులూడుతున్న పైకప్పు, ఊగే పిట్టగోడ, వదులైన మెట్ల కమ్మీ. వీటి విషయంలో మాత్రం డబ్బు లేదని ఆగొద్దు. ఇంకేదైనా ఖర్చు ఆపేసి ఇవి చేయించండి.

నీళ్ల గురించి అంత పట్టుదల ఎందుకు?

పాత ఇంటిని తినేసేవి దాదాపు అన్నీ నీటి వెంటే వస్తాయి కాబట్టి. తడిసిన చెక్క కుళ్లుతుంది, చెమ్మ ఉన్నచోట చెదలు చేరతాయి, బూజు పడుతుంది, ఆ గాలి పీల్చి పిల్లలు దగ్గుతారు. కాంక్రీటు శ్లాబులోకి నీళ్లు దిగితే లోపలి ఇనుప చువ్వలు తుప్పు పడతాయి. తుప్పు అసలు ఇనుము కంటే చాలా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కింద ఉన్న సిమెంటు పగిలి పెచ్చుల కింద ఊడుతుంది.

నీళ్ల పరిమాణం కూడా ఒకసారి లెక్క వేసుకోండి. 1 చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు. అంటే 100 చదరపు మీటర్ల పైకప్పు మీద ఒక్క రాత్రి 50 మిల్లీమీటర్ల వాన పడితే 5,000 లీటర్లు. ఆ నీళ్లకు బయటికి దారి లేకపోతే ఎక్కడికి పోతాయి? పైన 10 సెంటీమీటర్ల లోతున నీళ్లు నిలిస్తే ప్రతి చదరపు మీటరు మీదా 100 కిలోల బరువు అదనంగా కూర్చున్నట్టు.

ఇది మాకు అనుభవంతో తెలిసొచ్చింది. మా పడకగది పైకప్పులో ఒక మూల అరచేయంత గోధుమరంగు మచ్చ కనబడింది. వానలు తగ్గాక ఆరిపోయింది, మేమూ మర్చిపోయాం. మరుసటి ఏడు అది పళ్లెమంత అయింది. "బోనస్ వచ్చాక చూద్దాంలే" అన్నారు మా ఆయన, నేనూ సరేనన్నాను. మూడో ఏడు ఒక అర్ధరాత్రి దబ్బుమని చప్పుడు. లేచి లైటు వేస్తే మంచం కాళ్ల వైపు సిమెంటు పెచ్చు ముక్కలై పడుంది, దుప్పటి నిండా ఇసుక, పైన తుప్పుపట్టిన చువ్వ పక్కటెముకలా బయటికి కనబడుతోంది. రోజూ అక్కడ పడుకునే మా పాప ఆ రాత్రి వాళ్ల అమ్మమ్మ దగ్గరుంది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి. తెల్లారాక పైకెక్కి చూస్తే వాన నీళ్ల గొట్టం మూతి దగ్గర ఆకులు, ఈకలు, మట్టి కలిసి గట్టి ముద్దలా పేరుకుని ఉన్నాయి. చేత్తో లాగితే ఐదు నిమిషాల్లో వచ్చేశాయి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా మేమే తెచ్చుకున్నాం.

అందుకే ఇప్పుడు వానలకు నెల ముందు ఒకసారి, మొదటి పెద్ద వాన పడ్డాక ఇంకోసారి పైకి వెళ్లి చూస్తాం. వాన పడుతుండగా ఇంటి చుట్టూ గొడుగేసుకుని ఒక్క చుట్టు తిరిగితే ఇంకా మంచిది, నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయో, ఏ గోడ మీద కారుతున్నాయో ఎండలో ఎంత వెతికినా తెలియదు.

పైకప్పు మచ్చ పాతదో ఇంకా పెరుగుతోందో ఎలా తెలుస్తుంది?

పెన్సిల్‌తో మచ్చ అంచు చుట్టూ గీత గీసి పక్కన తేదీ వెయ్యండి. తర్వాతి వానకు మచ్చ గీత దాటితే నీళ్లు ఇంకా దిగుతున్నట్టే. మచ్చకు సరిగ్గా పైనే కన్నం ఉంటుందని మాత్రం అనుకోవద్దు. నీళ్లు ఒకచోట లోపలికి దిగి, వాలు దొరికిన వైపు పాక్కుంటూ వెళ్లి ఇంకోచోట బయటపడతాయి.

గోడ అడుగున చెమ్మ, పైన పొడి రాలుతోంది. ఏ పెయింటు వేస్తే ఆగుతుంది?

ఏ పెయింటుతోనూ ఆగదు. నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో కనుక్కోవడమే అసలు పని. ఒక చిన్న పరీక్ష ఉంది. ఒక అడుగు పొడవు వెడల్పున్న ప్లాస్టిక్ కవరు ముక్క తీసుకుని, గోడ పైపైన తడి తుడిచి ఆరాక, నాలుగు వైపులా గాలి చొరకుండా టేపు వేసి రెండు రోజులు వదిలెయ్యండి. కవరు వెనక, అంటే గోడ వైపు, తేమ పడితే నీళ్లు గోడలోంచే వస్తున్నాయి. గది వైపు తేమ పడితే అది గదిలోని ఆవిరి చల్లటి గోడకు తగిలి పట్టిన చెమ్మ. రెండోదైతే కిటికీలు తియ్యడం, బీరువాను గోడకు నాలుగు వేళ్లు ఎడంగా జరపడం, తడి బట్టలు గదిలో ఆరెయ్యకపోవడం, వీటితోనే చాలావరకు తగ్గుతుంది, పైసా ఖర్చు లేదు.

గోడలోంచే అయితే ముందు దగ్గరలో వెళ్లే నీళ్ల గొట్టం, బాత్రూం నేల అతుకులు చూడండి. తర్వాత బయట మట్టి ఎత్తు చూడండి. ఏళ్ల తరబడి మట్టి పేరుకుని బయట నేల లోపలి గచ్చు కంటే ఎత్తయితే గోడ ఆ తడిని పీల్చుకుంటూనే ఉంటుంది. ఆ మట్టిని తవ్వి తీసి, నీళ్లు ఇంటినుంచి దూరంగా పోయేలా వాలు ఇవ్వడం ఒక పార, రెండు ఆదివారాల పని.

ఇల్లు బాగా పాతదై, సున్నంతో కట్టిన గోడలైతే వాటి మీద సిమెంటు పూత వేయించకండి. సున్నపు గోడ తడి పీల్చుకుని మళ్లీ గాలికి వదిలేస్తుంది. సిమెంటు పూస్తే ఆ తడి లోపలే ఉండిపోతుంది, పూత అట్టలా లేస్తుంది. మళ్లీ సున్నం పనే చేయించాలి. తెలిసిన మేస్త్రి దొరకడం కష్టమే, అయినా వెతకండి.

పెచ్చులూడిన చోట సిమెంటు పూసేస్తే సరిపోదా?

సరిపోదు. చువ్వ చుట్టూ వదులైన కాంక్రీటంతా కొట్టేసి, తుప్పు బాగా గీకి, తుప్పు ఆపే పూత పూసి, ఆ తర్వాతే మరమ్మతు మసాలా నింపాలి. పైనుంచి నీళ్లు రాకుండా ముందే ఆపి ఉండాలి. తుప్పు మీదే పూసిన సిమెంటు మళ్లీ ఊడుతుంది, ఈసారి ఇంకా పెద్ద ముక్కగా. చువ్వ బాగా సన్నబడి ఉంటే మేస్త్రి మాట చాలదు, ఇంజనీరుకు చూపించండి.

గోడకు పగులు వచ్చింది. టెన్షన్ పడాలా?

వెంట్రుక మందం గీతలు, 1 మిల్లీమీటరు లోపువి, చాలావరకు పై పూతలో వచ్చేవే. 5 మిల్లీమీటర్లు దాటినవి, కిటికీ మూలనుంచి ఏటవాలుగా మెట్లు మెట్లుగా పోయేవి, గోడకు రెండు వైపులా కనబడేవి, పగులుతోపాటు తలుపు పట్టేయడం, వీటిలో ఏది కనబడినా ఇంజనీరును పిలవాలి. మిగతావాటికి పగులు రెండు చివర్లా పెన్సిల్ గీత, తేదీ. ఆరు నెలలు చూడండి. కదలనిదాన్ని పూడ్చుకోవచ్చు, కదులుతున్నదాన్ని పూడ్చి లాభం లేదు.

పాత వైరింగ్ మొత్తం ఒకేసారి మార్చే స్తోమత లేదు. ఏం చెయ్యాలి?

ఎక్కువ కరెంటు లాగేవాటికి, అంటే గీజర్, ఏసీ, మోటారు, ఇస్త్రీ పెట్టె ప్లగ్గుకు, ముందు విడిగా కొత్త వైరు లాగించండి. మిగతాది గది తర్వాత గది. ఫ్యూజు మాటిమాటికి పోతోందని లావు తీగ చుట్టడం, ఎక్కువ ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చి) పెట్టించడం ఎన్నడూ చెయ్యొద్దు. వైరు వేడెక్కకముందే కరెంటు ఆగాలని ఫ్యూజు పెట్టేది, దాన్ని బలంగా చేస్తే ఈసారి గోడలో వైరు కాలుతుంది.

ఇంకో మాట. ఎంసీబీ ఉంది కదా అని ధైర్యంగా ఉండొద్దు, అది వైరును కాపాడుతుంది తప్ప షాకు తగిలే మనిషిని కాదు. మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ. ఎర్తింగ్ సరిచేయించి ఇది ఒక్కటి పెట్టించుకోండి. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, మూణ్నెల్లకోసారి నొక్కితే టక్కున పడిపోవాలి. ఒక్క జీతంలో మేం పెట్టిన ఖర్చుల్లో ఏ మాత్రం బాధపడనిది ఇదే.

కరెంటు బిల్లు తగ్గడం లేదు. లైట్లన్నీ ఆపేస్తూనే ఉన్నాం.

లైట్లతో పెద్దగా తేడా రాదు. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు ఒక యూనిట్ కాల్చాలంటే దాదాపు 111 గంటలు వెలగాలి. 2,000 వాట్ల గీజర్ అదే యూనిట్‌ను అరగంటలో కాల్చేస్తుంది. వేడి చేసేవి, చల్లబరిచేవి, ఈ రెండు రకాల మీదే కన్నెయ్యండి. పాత 60 వాట్ల బల్బులు ఇంకా ఉంటే మాత్రం మార్చేయండి. రోజంతా తిరిగే ఫ్యాను ఉంటే అదీ చూడండి, పాతది 75 వాట్ల దాకా తీసుకుంటుంది, బీఎల్‌డీసీ అనే తక్కువ కరెంటు రకం 30 వాట్ల చుట్టుపక్కల సరిపెడుతుంది.

ఫ్రిజ్ తలుపులో ఒక కాగితం పెట్టి మూసి లాగండి. పట్టు లేకుండా జారిపోతే రబ్బరు బీడింగ్ అయిపోయినట్టు. ఫ్రిజ్ మొత్తం మార్చక్కర్లేదు, ముందు ఆ రబ్బరు శుభ్రంగా తుడిచి చూసి, అప్పటికీ పట్టకపోతే అదొక్కటే మార్పించండి. ఇంట్లో అన్నీ ఆపేసినా మీటరు మీద లైటు మిణుకుమంటూనే ఉంటే ఎక్కడో లీకేజీ ఉండొచ్చు, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

కుళాయి కారడం కూడా ఒక ఖర్చేనా?

సెకనుకు ఒక్క చుక్క కారితే రోజుకు 15 నుంచి 20 లీటర్లు. మోటారుతో పైకి ఎక్కించిన నీళ్లయితే దాంతోపాటు కరెంటూ పోతుంది. తిప్పి తిప్పి కట్టే పాత రకం కుళాయి అయితే మీరే బాగుచేసుకోవచ్చు, నేను నేర్చుకున్న మొదటి పని ఇదే.

ముందు ఆ గొట్టానికి నీళ్లిచ్చే వాల్వు కట్టి, కుళాయి తిప్పి ఉన్న నీళ్లు వదిలెయ్యండి. సింకు కన్నంలో ఒక గుడ్డ కుక్కండి, లేకపోతే చిన్న స్క్రూ అందులో పడి పోతుంది. కుళాయి మొండానికి గుడ్డ చుట్టి పానాతో పైభాగం విప్పితే కింద నల్లటి రబ్బరు వాషర్ ఉంటుంది. పాతదాని మీద గుండ్రంగా గాడి పడి, వేలితో నొక్కితే రాయిలా గట్టిగా తగులుతుంది. దాన్నే షాపుకి పట్టుకెళ్లి అదే కొలతది తెచ్చుకోండి. వాషర్ కూర్చునే ఇత్తడి అంచు మీద పేరుకున్న ఉప్పు గీకి తుడవండి, ఈ ఒక్కటి వదిలేస్తే కొత్త వాషర్ కూడా వారానికే కారుతుంది. అమర్చాక కుళాయిని బలమంతా పెట్టి బిగించే అలవాటు మానెయ్యాలి, రబ్బరు త్వరగా తెగేది దానివల్లే.

ఫ్లష్ ట్యాంకు సంగతి వేరు, అది చప్పుడు లేకుండా కారుతుంది. రాత్రి ట్యాంకులో కాస్త రంగు కలిపి, ఫ్లష్ చెయ్యకుండా అరగంట ఆగి చూడండి. కమోడ్‌లోకి రంగు దిగితే లోపలి రబ్బరు మార్చాలి.

ఏ పనులు సొంతంగా చేసుకోవచ్చు, ఏవి ముట్టుకోకూడదు?

వాషర్లు, తలుపు బందులకు నూనె, చిన్న పగుళ్లు పూడ్చడం, రంగులు, గొట్టం మూతులు శుభ్రం చెయ్యడం, దోమల జాలీలు, ఇవన్నీ మనవే. గ్యాసు, మెయిన్ బోర్డు, పునాది, దూలాలు మనవి కావు. పాత ఆస్‌బెస్టాస్ రేకులను కొయ్యడం, కన్నాలు వెయ్యడం, విరగ్గొట్టడం అసలు వద్దు, ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే తీరని జబ్బులు వస్తాయి. బాగా పాత పెయింటులో సీసం ఉండే వీలుంది. దాన్ని పొడిగా సాండ్‌పేపరుతో రుద్దకండి, గర్భిణులను, చిన్నపిల్లలను ఆ గదిలోకి రానివ్వకండి.

చెదలు కూడా ముందు మనమే కనిపెట్టొచ్చు. గోడ మీద పెన్సిల్ మందాన మట్టి గొట్టం కనబడితే కొంచెం చెరిపి వారం ఆగి చూడండి. మళ్లీ కట్టుకుంటే లోపల జీవంతో ఉన్నాయి, మందు కొట్టించాలి.

నెల జీతం నెలకే అయిపోతోంది. ఇంటికని విడిగా ఎలా దాచాలి?

జీతం పడ్డ రోజే, మిగతా ఖర్చులకంటే ముందు. మిగిలాక దాద్దాం అంటే ఎప్పుడూ మిగలదు, మేం నాలుగేళ్లు ఆ ఆశతోనే గడిపాం.

రెండు రకాల డబ్బు వేరుగా ఉండాలి. ఒకటి, జీతం ఆగిపోతే ఇల్లు నడిపే డబ్బు. రెండు జీతాలున్నవాళ్లకు 3 నెలల ఖర్చు సరిపోతుందేమో గానీ ఒక్క జీతానికి 6 నెలలైనా ఉండాలని నా అభిప్రాయం, ఎందుకంటే అది ఆగితే పట్టుకోవడానికి రెండో జీతం లేదు. రెండో రకం, ఇంటి మరమ్మతుల డబ్బు. ఇంటి విలువలో ఏడాదికి 1 శాతం మరమ్మతులకు పక్కన పెట్టాలని ఒక మోటు లెక్క చెబుతారు, పాత ఇంటికి అంతకంటే ఎక్కువే అవుతుంది. అంత వీలుకాకపోతే ఇంకో దారి ఉంది. గీజర్, మోటారు, పైకప్పు పూత, ఫ్రిజ్, ఇలా ఎప్పటికైనా మార్చక తప్పనివాటి పేర్లు రాసి, ఒక్కొక్కటి ఇంకెన్నాళ్లు వస్తుందో అంచనా వేసి, ధరను అన్ని నెలలతో భాగించండి. ఆ మొత్తం చూసి మొదట గుండె గుభేల్మంటుంది. అందులో సగమే దాచగలిగినా సరే, మోటారు కాలిపోయిన రోజు అప్పు కోసం పరిగెత్తకుండా ఉంటారు.

అప్పులు ఉన్నాయి. ముందు అప్పు తీర్చాలా, దాచాలా?

ఒక నెల ఖర్చుకు సరిపడా దాచి, ఆ తర్వాత వడ్డీ ఎక్కువున్న అప్పు మీద పడండి. 72ను ఏటి వడ్డీతో భాగిస్తే అప్పు ఎన్నేళ్లలో రెట్టింపవుతుందో సుమారుగా వస్తుంది. నెలకు 3 శాతం, అంటే ఏడాదికి 36, కట్టకుండా వదిలేస్తే రెండేళ్లలో రెట్టింపు. క్రెడిట్ కార్డుకు కనీస మొత్తం మాత్రమే కడుతున్నవాళ్లు ఈ లెక్క ఈరోజే వెయ్యండి.

సంపాదించే మనిషికి ఏదైనా అయితే?

అడగడానికి అందరూ భయపడే ప్రశ్న, కానీ ముందుగా అడగాల్సింది ఇదే. ఒక్క జీతం మీద నడిచే ఇంట్లో సంపాదించేవాళ్ల పేరున టర్మ్ ఇన్సూరెన్సు (పాలసీ కాలంలో ఆ మనిషి పోతే కుటుంబానికి డబ్బు వచ్చే బీమా), ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా, ఈ రెండూ రంగుల కంటే, సోఫా కంటే ముందు. పొదుపు, బీమా కలిపి అమ్మే పాలసీలకు ప్రీమియం ఎక్కువ, వచ్చే రక్షణ తక్కువ. ఖాతాలన్నిటికీ నామినీ పేరు ఉందో లేదో చూడండి. ఇంటి దస్తావేజులు, పాలసీలు ఎక్కడున్నాయో ఇద్దరికీ తెలియాలి. మా ఆయనకు ఆపరేషన్ అయినప్పుడు పది రోజులు ఏ బిల్లు ఎప్పుడు కట్టాలో, ఏ ఖాతాలో ఎంతుందో నాకు తెలియక ఏడ్చినంత పనైంది. ఆయన ఇంటికొచ్చిన వారమే ఇద్దరం కూర్చుని అన్నీ రాసుకున్నాం.

ఇంట్లో ఉండేవాళ్లు కూడా ఉద్యోగానికి వెళ్తే తీరిపోదా?

కొందరికి తీరుతుంది. వేడినీళ్లకు చన్నీళ్లు తోడన్నట్టు చిన్న ఆదాయమైనా పనికొస్తుంది. కానీ లెక్క సరిగ్గా వెయ్యండి, జీతంలోంచి ప్రయాణం, పిల్లల్ని చూసుకునేవాళ్లకిచ్చేది, బయటి భోజనం, పన్ను తీసేస్తే ఎంత మిగులుతుందో చూడండి. ఇంట్లో ఉండి మరమ్మతులు, వంట, పెద్దవాళ్ల సేవ చేసే మనిషి ఖాళీగా ఉన్నట్టు మాట్లాడేవాళ్ల మాట మాత్రం పట్టించుకోకండి. నాకూ అలాంటి మాటలు తగిలాయి, బాధేసింది కూడా.

పని చేయించేటప్పుడు మోసపోకుండా ఉండాలంటే?

ముగ్గురిని అడగండి, ముగ్గురికీ ఒకే పని కాగితం మీద రాసిచ్చి అడగండి. నోటిమాటగా అడిగితే ఒక్కొక్కరు ఒక్కో పనికి రేటు చెబుతారు, పోల్చుకోవడం కుదరదు. అందరికంటే తక్కువ చెప్పినవాళ్లను ఏం వదిలేశారని అడగండి. డబ్బు పని నడిచేకొద్దీ ఇవ్వండి, చివరి వంతు ఒక వాన చూశాకే. మొత్తం ముందే ఇచ్చి, సగం తవ్విన బాత్రూంతో రెండు నెలలు అవస్థపడ్డాం.

పిల్లలకు డబ్బు ఇబ్బంది చెప్పాలా?

చెప్పాలి, వాళ్ల వయసుకు తగ్గట్టు. "మనకు లేదు" అనడం కంటే "ఈ నెల పైకప్పుకు ఇచ్చాం, నీ సైకిల్ ఎండాకాలంలో" అని తేదీ చెప్పి ఆ మాట నిలబెట్టుకుంటే పిల్లలు బాగానే అర్థం చేసుకుంటారు.

ఈ ఇంటిని వదిలేయడమే మంచిదని ఎప్పుడు అనుకోవాలి?

పునాది కదులుతోందని, దూలాలు పోయాయని ఇంజనీరు రాతపూర్వకంగా చెప్పినప్పుడు, ఆ మరమ్మతు ఖర్చు మీరు ఐదారేళ్లకు కూడా కూడబెట్టలేనంత అయినప్పుడు. అప్పుడు ఇంటి మీద ప్రేమతో పిల్లల్ని దాని కింద పడుకోబెట్టడం తప్పు. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లకు ఈ మాట ఎంత కష్టమో తెలిసే చెబుతున్నాను.

ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం ఎలా?

మాకు ఒక రెండొందల పేజీల నోటుబుక్కు ఉంది, వంటగది అల్మారాలో. మెయిన్ స్విచ్చి, నీళ్ల వాల్వులు ఎక్కడున్నాయో మొదటి పేజీలో బొమ్మ వేసి ఉంది. తర్వాత ఏ తేదీన ఏం చేయించాం, ఎవరు చేశారు, ఎంతైంది, ఏ కొలత వాషర్, ఏ గదికి ఏ రంగు నంబరు. మొన్న ఆదివారం రాసింది ఇది: "పైన గొట్టం మూతి శుభ్రం చేశాం, గుప్పెడు ఆకులు. పడకగది మచ్చ గీత లోపలే ఉంది. వెనక తలుపు కింద చెక్క మెత్తబడుతోంది, వానలకు ముందే మార్చాలి." కింద మా పాప చేతిరాతతో ఇంకో లైను ఉంది, బాత్రూం కుళాయి వాషర్ తనే మార్చిందని.